మన గేటు ముందు పోలీసు ఎందుకు ఉండడు?



పోయిన నెల ఒక రోజు పొద్దున నాకు గేటు డ్యూటీ. ఆలస్యమైందని యూటర్న్ దాకా వెళ్లకుండా స్కూటీని రాంగ్ రూట్‌లో తెచ్చేశాను. ఐదో తరగతి పాప చూసింది. "మిస్, ఇక్కడ పోలీసులు ఉండరు కదా, అందుకేనా?" అని అడిగింది. సమాధానం చెప్పలేకపోయాను.

ఆ ప్రశ్న ఇంటిదాకా నా వెంటే వచ్చింది. పోలీసులు ఎక్కడ నిలబడాలో ఎలా నిర్ణయిస్తారని చదివాను. ప్రమాదం జరిగితే ఆ స్థలం, సమయం ఐరాడ్ అనే మొబైల్ యాప్‌లో నమోదు చేస్తారు. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల లోపు, 3 ఏళ్లలో ప్రాణం పోయిన లేదా తీవ్రంగా గాయపడిన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. 2022లో దేశంలో ప్రమాదాలు ఎక్కువగా జరిగింది సాయంత్రం 6 నుంచి 9 గంటల మధ్య. సిబ్బంది కొద్దిమంది, రోడ్లు చాలా. అందుకే ముప్పు ఎక్కువున్న చోటికి, ఆ వేళకి గస్తీ పంపడమే సరైన పద్ధతి.

కానీ మ్యాప్ మీద ఒక చుక్క పడాలంటే ముందు ఎవరికో దెబ్బ తగలాలి. మన గేటు ముందు అలాంటి చుక్క లేదు, కాబట్టి పోలీసూ లేడు. ఆ చుక్క పడకూడదనే కదా మనందరి కోరిక! అంటే ఇక్కడ జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది.

రోజూ గేటు దగ్గర చూస్తుంటాను. బండి నడిపే నాన్నకి హెల్మెట్ ఉంటుంది, వెనక కూర్చున్న బాబుకి ఉండదు. 2022లో హెల్మెట్ లేక 50,029 మంది చనిపోతే, వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారే. నాలుగేళ్లు దాటిన పిల్లలకీ హెల్మెట్ ఉండాలని చట్టమే చెబుతోంది.

మీకు నా విన్నపాలు మూడు: పిల్లలకి హెల్మెట్ పెట్టండి, రాంగ్ రూట్‌లో రాకండి, లాంగ్ బెల్ వేళ బండిని రోడ్డు మధ్యలో ఆపకండి.

ఇప్పుడు నేను ఐదు నిమిషాలు ముందే బయలుదేరి యూటర్న్ దాకా వెళ్లి వస్తున్నాను. ఆ పాప మళ్లీ ఏమీ అడగలేదు. కానీ రోజూ చూస్తూనే ఉంది. మీ పిల్లలూ మిమ్మల్ని అలాగే చూస్తున్నారు.