వాన వెనకనుంచి వచ్చింది!

విశాఖపట్నం వచ్చిన చుట్టాలెవరైనా ముందు అడిగేది సముద్రాన్నే. "కాఫీలు తర్వాత తాగుదాంలే వదినా, ముందు బీచికి పోదాం పద" అంటుంది మా ఆడపడుచు ఎప్పుడొచ్చినా. 2018 మే నెలలోనూ అంతే. ఎనిమిదేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని రాజమండ్రి నుంచి దిగింది. అప్పటికి మా బాబుకి ఆరేళ్ళు, పాపకి మూడు. మేముండేది స్టీల్ ప్లాంటు వారి ఉక్కునగరంలో. అక్కణ్ణుంచి ఊళ్ళోకి రావడమంటే అదే ఒక ప్రయాణం! పులిహోర కలిపి డబ్బాలో సర్ది, మజ్జిగ సీసాల్లో పోసి, మధ్యాహ్నం బస్సెక్కాం. మావారికి ఆ రోజు డ్యూటీ. ఇద్దరు ఆడవాళ్ళం, ముగ్గురు పిల్లలు.

గాజువాక దాటి రేవు వైపు వచ్చేసరికి పిల్లలు కిటికీలకి అతుక్కుపోయారు. ఆకాశాన్నంటే క్రేన్లు, సముద్రంలోకి ముక్కు చాచుకుని కూర్చున్న డాల్ఫిన్స్ నోస్ కొండ. 1933లో తెరిచిన ఈ రేవుకి ఆ కొండే గాలికీ అలలకీ అడ్డు. అంతంత ఓడలకే ఒక చాటు కావాలి! ఆ మాట నాకు సాయంత్రానికిగానీ బోధపడలేదు.

కైలాసగిరి ఎక్కాం. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు ఆ కొండ. తెల్లటి శివపార్వతుల విగ్రహాలు, కింద నీలం చీరకి తెల్ల అంచు వేసినట్టు ఒడ్డు, అటు భీమిలి రోడ్డు, ఇటు ఊరు. పిల్లలు పచ్చికలో దొర్లుతుంటే మేం పులిహోర పెట్టుకుని కబుర్లలో పడ్డాం. సముద్రం గాలి హాయిగా వీస్తోంది.

నాలుగున్నర ప్రాంతంలో ఆ గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒకటే ఉక్క. మురీ మిక్చర్ అమ్మే అతను పొట్లాలు కట్టడం మానేసి డబ్బాలు సర్దుకుంటున్నాడు. "అప్పుడే వెళ్ళిపోతున్నావేం బాబూ?" అన్నాను. "బేగి దిగిపోండమ్మా, పిల్లల్తో ఉన్నారు. గాలొచ్చేత్తాంది" అన్నాడు.

నేను సముద్రం వైపు చూశాను. నీలంగా, నిర్మలంగా ఉంది. నవ్వొచ్చింది కూడా. అతను గెడ్డంతో వెనక్కి చూపించాడు. సింహాచలం కొండల మీద ఆకాశం కాటుక పూసినట్టు ఉంది!

అప్పుడైనా లేవాల్సింది. "అమ్మా, రైలు ఒక్కసారి ఎక్కుతాం" అని మగపిల్లలిద్దరూ గొడవ. "పాపం, అంతదూరం నుంచి వచ్చాడు, ఇంకో అయిదు నిమిషాలేగా" అనుకున్నాం. ఆ అయిదు నిమిషాలే కొంప ముంచాయి.

గాలి ఒక్క ఉదుటున వచ్చింది. దుమ్ము, ఎండుటాకులు, కాగితాలు. కళ్ళు తెరవలేకపోయాం. కొంగు మొహానికి అడ్డుపెట్టుకోవడానికి ఒక్క క్షణం చెయ్యి వదిలానేమో, మళ్ళీ చాపితే చేతిలో పాప చెయ్యి లేదు! నా గొంతు నాకే వినిపించడం లేదు. ఆడపడుచు మగపిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని "చెట్టు కిందికి పోదాం వదినా" అని అరుస్తోంది. ఫెళ్ళుమని మెరుపు. "చెట్టు వద్దు, వద్దు" అని నేను.

ఎంతసేపు వెతికానో చెప్పలేను. నిమిషమే అయ్యుండొచ్చు. ఎవరో పెద్దావిడ చెంగు పట్టుకుని ఏడుస్తూ కనిపించింది పాప. ఆవిడ యాత్రీకుల బస్సులో వచ్చారట. "ముందు బస్సెక్కండమ్మా, తర్వాత ఏడుద్దురుగాని" అని మమ్మల్నందర్నీ ఎక్కించారు. డ్రైవరు తలుపు, కిటికీలు మూసేశాడు. పిల్లలు తడిసి వణికిపోతుంటే ఆవిడే తువ్వాలిచ్చి తుడిచారు. మా అల్లుడు మాత్రం మెరుపు కనబడగానే అంకెలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. వాళ్ళ బళ్ళో చెప్పారట, ఉరుము వినబడేదాకా మూడు సెకన్లు పడితే పిడుగు సుమారు కిలోమీటరు దూరంలో ఉన్నట్టని. ఆ లెక్కల్లో పడి మా పిల్లలు ఏడుపు మరిచిపోయారు. మూడు నుంచి తొమ్మిది, పదిహేను... అలా మా గుండె దడా తగ్గింది.

ఇంటికొచ్చాక నాకు హుద్‌హుద్ గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. అప్పుడు మేం సీతమ్మధారలో అద్దెకుండేవాళ్ళం. గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి తలుపులు బాదుతుంటే బాబుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దం. అయిపోయిందనుకుని బాబుని ఎత్తుకుని వీధిలోకి వెళ్ళాను. పై వాటా మామ్మగారు మెట్ల మీంచి కేకేశారు, "లోపలికి రా అమ్మాయ్, అది తుఫాను కన్ను, మళ్ళీ వస్తుంది" అని. వచ్చింది, ఈసారి ఎదురు దిక్కు నుంచి! వీధిలో చెట్లన్నీ నేలకొరిగాయి. అంటే రెండుసార్లూ నన్ను మోసం చేసింది గాలి కాదు, గాలి ఆగడం.

అయితే తుఫాను మనకి వ్యవధి ఇస్తుంది. దానికో పేరుంటుంది, రోజుల ముందే రేడియోలో, టీవీలో చెబుతారు, రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. హుద్‌హుద్‌కి పదో నంబరు ఎగరేశారు. వేసవి గాలివానకి పేరూ లేదు, నంబరూ లేదు. అది సముద్రం మీంచి కాక తరచు పడమటి కొండల మీంచి వస్తుంది. మనమేమో సముద్రం చూడ్డానికి వచ్చి దానికి వీపు పెట్టి కూర్చుంటాం!

అప్పటినుంచి నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. చిన్నపిల్లలతో వెళ్ళినప్పుడు కూర్చునే చోటు కంటే ముందు తలదాచుకునే చోటు చూసుకుంటాను. నాలుగు గోడల పక్కా భవనం గానీ, తలుపులు, కిటికీలు మూసుకునే బస్సు, కారు గానీ కావాలి. చెట్టు కింద, రేకుల పందిరి కింద, ఆటోలో పిడుగు నుంచి రక్షణ లేదు. ఉరుము వినబడిందంటే ఆట కట్టు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రానివ్వను. ఒక్కో పిల్లకి ఒక్కో పెద్దవాళ్ళు ముందే పూచీ. పిల్లల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ. సంచిలో పాలిథిన్ కవరులో ఒక జత పొడిబట్టలు, తువ్వాలు. సెల్‌ఫోనులో పిడుగుల్ని హెచ్చరించే 'దామిని' అనే యాప్ కూడా మావారు పెట్టిచ్చారు. కానీ నాకు అన్నిటికంటే నమ్మకం ఆ మిక్చర్ బండే. బళ్ళవాళ్ళు సర్దుకుంటున్నారంటే మనమూ సర్దుకోవాల్సిందే.

ఇదంతా చెప్పి మిమ్మల్ని కైలాసగిరికి వెళ్ళొద్దనడం లేదు సుమండీ! తప్పకుండా వెళ్ళండి. మేమూ ఆ డిసెంబరులోనే మళ్ళీ వెళ్ళాం. కొండెక్కగానే మా పాప నా కొంగు లాగి, "అమ్మా, వెనక చూశావా?" అంది. చూశాను. సింహాచలం కొండల మీద ఒక్క మబ్బు తునక కూడా లేదు. అప్పుడు సముద్రం వైపు తిరిగి, పులిహోర డబ్బా మూత తీశాను.