లూటీ సొమ్ము, ప్రైజు సొమ్ము

రాజమహేంద్రవరానికి ఉత్తరాన, కోరుకొండ ప్రాంతంలో దోపిడిని చెప్పడానికి జనానికి మాటల కొరత లేదు. కొల్లగొట్టారు, దోచుకుపోయారు, ఊడ్చుకుపోయారు అన్న పలుకుబళ్ల సరసన 'లూటీ' అనే మాట కూడా హిందుస్తానీ నుండి వచ్చి తెలుగులో స్థిరపడింది. అదే మాట 'లూట్' అన్న రూపంలో ఇంగ్లీషులోకి వెళ్లి, ఇవాళ ప్రపంచంలో ఎక్కడ దోపిడి జరిగినా పత్రికలు వాడుకునే పదమైంది.

దాని పుట్టుక గురించి పండితులు రెండు దారులు చూపారు. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ కూర్చగా 1886లో వెలువడిన 'హాబ్సన్ జాబ్సన్' అనే ఆంగ్లో ఇండియన్ పదకోశం దీన్ని సంస్కృతంలోని 'లోప్త్రం' నుండి, అంటే 'లుప్' ధాతువు నుండి తెచ్చింది; దొంగిలించిన సొమ్ముకు అమరకోశం చెప్పిన పేరు కూడా లోప్త్రమే కనుక, ఆ నిఘంటువును వల్లె వేసిన తెలుగు విద్యార్థులకు ఈ మాట కొత్తది కాదు. సంధి సూత్రాల్లో అక్షరం జారిపోవడాన్ని చెప్పే 'లోపం' కూడా ఆ ధాతువు సంతానమే. దోచుకోవడం అనే అర్థమున్న 'లుంఠ్' ధాతువే అసలు మూలమని తరువాతివారు చెప్పారు. హిందీలోని 'లూట్' ఉచ్చారణకు ఈ రెండో దారే దగ్గరగా ఉంది.

అయితే మాట ఎక్కడ పుట్టిందన్న దానికంటే, ఎవరి పనికి ఆ పేరు పెట్టారన్నది లోతైన ప్రశ్న. 18వ శతాబ్దపు ఇంగ్లీషు రాతల్లో 'లూటీలు' అంటే ఎదుటి పక్షం సైన్యాల వెంట తిరిగే దోపిడి గుర్రపు దండులు. తమ సైన్యం చేజిక్కించుకున్న సొమ్ముకు ఇంగ్లీషువారు వేరే పేరు వాడారు, అది 'ప్రైజు'. శత్రువు నుండి పట్టుకున్న ఆస్తి చట్టరీత్యా ప్రభువుకు చెందుతుందనీ, ప్రభువు అనుమతితో దాన్ని వేలం వేసి హోదాల వారీగా సైన్యానికి పంచాలనీ ఆ పద్ధతి చెప్పేది.

ఈ పద్ధతిని గోదావరి సీమ కళ్లారా చూసింది. 1758లో విజయనగరం రాజు ఆనంద గజపతి ఫ్రెంచివారి మీద కోపంతో కలకత్తాలోని ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి కబురు పంపగా, అక్కడి కంపెనీ అధికారి క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు సుమారు 500 మంది ఐరోపా సైనికులతోనూ 2,000 మంది సిపాయిలతోనూ విశాఖపట్నంలో దిగాడు. రాజు నెలకు 50,000 రూపాయలు ఖర్చుల కింద ఇవ్వాలనీ, యుద్ధంలో దొరికిన కొల్లసొమ్మును ఇరుపక్షాలూ చెరిసగం పంచుకోవాలనీ ముందే ఒడంబడిక రాసుకున్నారు. ఆ డిసెంబరులో గొల్లప్రోలు దగ్గరి చందుర్తి వద్ద ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయాడు, వెంటనే రాజమహేంద్రవరం కోట ఇంగ్లీషువారి వశమైంది. రాజు ఇస్తానన్న డబ్బు మాత్రం సమయానికి అందక, దండు కదలలేని స్థితి వచ్చింది. 1759లో మచిలీపట్నంలోని ఫ్రెంచి కోట ముట్టడి సాగుతుండగా ఐరోపా సైనికులు ఆయుధాలతో బారులు తీరి, తమకు రావలసిన ప్రైజు సొమ్ము చెల్లించాలనీ, కోట పడితే దొరికేదంతా తమకే కావాలనీ, కాదంటే వెళ్లిపోతామనీ మొండికేశారు. కంపెనీ నిబంధన ప్రకారం సగం కంపెనీదే కనుక అంతా ఇచ్చే అధికారం ఫోర్డుకు లేదు. మొదట చేతికందే డబ్బుతో బాకీ తీరుస్తానని మాట ఇచ్చి, మిగతా సగం కోసం కంపెనీకి విన్నవిస్తానని చెప్పి వారిని నిలబెట్టుకున్నాడు. ఏప్రిల్ 7 రాత్రి ఆ సైనికులే గోడలెక్కి కోట పట్టారు. ఎదుటివారు చేస్తే లూటీ అనిపించుకొనే పని ఈ బేరంలో హక్కుగా, బాకీగా, అర్జీగా నడిచింది.

తెలుగునేల మీద లూటీ అనే పేరుకు తిరుగులేకుండా తగిన ఘటన 1816 మార్చిలో జరిగింది. జీతం లేకుండా మరాఠా సైన్యాల వెంట నడుస్తూ దోపిడి మీదే బతికిన పిండారీలు గుంటూరు సీమ మీదా, చుట్టుపట్ల జిల్లాల మీదా పడి, పన్నెండు రోజుల లోపు 339 గ్రామాలను దోచారు. 182 మంది చనిపోయారనీ, 505 మంది గాయపడ్డారనీ, 3,603 మందిని హింసించారనీ కంపెనీ విచారణలో తేలింది. దాచిన సొమ్ము చూపించడానికి వేడి బూడిద నింపిన సంచిని ముఖానికి కట్టి ఊపిరాడకుండా చేయడం వారి పద్ధతి. రైతు ఇంటి గాదె, ఇల్లాలి మెడలో పుస్తె, షావుకారు పెట్టె ఒక్క పూటలో పోయిన ఆ రోజులను తలచుకుంటే, మాటల మధ్య తేడాలు వెతకడం కూడా కష్టంగా తోస్తుంది. కానీ ఈ లెక్క ఇంత వివరంగా రాసిపెట్టినవారు కంపెనీవారే. వారి సైన్యం తీసుకున్న దానికి ఊరూరా తిరిగి ఇలాంటి లెక్క కట్టినవారు లేరు.

1788 నాటి పదకోశంలోకి ఎక్కిన ఈ మాట, చైనాతో జరిగిన మొదటి నల్లమందు యుద్ధం, క్రిమియా యుద్ధం, 1857 తిరుగుబాటు వరుసగా గడిచేసరికి సామాన్య ఇంగ్లీషు మాట అయిపోయింది. ఎదుటివాడి పనికి పెట్టిన పేరును సైనికుడు తన పనికే వాడుకోసాగాడు. శిబిరంలో చట్టం భాష చెల్లకపోవడమే ఇందుకు కారణమనిపిస్తుంది. ప్రైజు సొమ్ములో తన వాటా ఏళ్ల తరబడి రాని సిపాయికి, చేతికందినదే సొమ్ము.

ఇప్పుడా మాట మ్యూజియాల గుమ్మం దాకా వచ్చింది. గుంటూరు కమిషనరు వాల్టర్ ఎలియట్ 1845లో అమరావతి స్తూపం వద్ద తవ్వించిన సున్నపురాతి పలకలు మద్రాసు మీదుగా 1859లో లండన్‌కు వెళ్లి, 1880 నుండి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఎలియట్ కత్తి దూసి తెచ్చినవాడు కాదు. అంతకు ముందే స్థానిక జమీందారు కాలంలో ఆ స్తూపం రాళ్లు ఊరి కట్టడాలకు తరలిపోయాయి కూడా. అతన్ని లూటీదారు అనడం న్యాయం కాదు. కానీ ఆ పలకలను ఓడ ఎక్కించడానికి అనుమతి ఇచ్చినదీ, పుచ్చుకున్నదీ ఒకే ప్రభుత్వం. కృష్ణ ఒడ్డునున్న ఊరివారిని అడిగినవారు లేరు.