చివర వేసే స్విచ్చి

అమెరికా నుంచి వచ్చిన సూట్‌కేసు విప్పుతుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. చాక్లెట్లు, సెంటుసీసాలు, పిల్లల బట్టలు అన్నీ అయ్యాక... అట్టడుగున తువ్వాళ్లలో చుట్టిన రెండు బరువైన పెట్టెలు బయటికొచ్చాయి. సీడీ ప్లేయర్లు! ఇళ్లల్లో టీవీ కింద పెట్టుకునే రకం కాదు. ఒక్కోదాని మీదా చిన్న పళ్లెమంత చక్రం, పక్కన పైకీ కిందికీ జరిపే మీట, ముందువైపు సీడీ దూర్చడానికి సన్నటి నోరు.

"ఇవిగోరా, నువ్వడిగినవి. న్యూజెర్సీలో మా ఫ్రెండ్ దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా" అన్నాడు బావ.

అది 2006 ఎండాకాలం. తెనాలి దగ్గర ఓ ఊరు. ఆ ఇంటి పెద్దాయనది మైకు సెట్టు వ్యాపారం. పెళ్లికైనా, పేరంటానికైనా, శ్రీరామనవమి పందిరికైనా ముప్ఫై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల బాకాలు కట్టింది ఆయనే. గ్రామఫోను రికార్డులతో మొదలై క్యాసెట్ల దాకా వచ్చారు. డిగ్రీ అయిన కొడుకు మాత్రం "ఇక బాకాలు ఎవరిక్కావాలి నాన్నా... డీజే పెడదాం" అని ఏడాదిగా ఒకటే పోరు.

కుర్రాడికి ఆత్రం ఆగలేదు. అమెరికా ప్లగ్గుకి ఇక్కడి సాకెట్‌లో పట్టే అడాప్టర్ కూడా వచ్చింది. అది తగిలించి గోడకి పెట్టబోతుంటే పడక్కుర్చీలోంచి కేక.

"ఆగరా! వెనకాల రేకు మీద ఏం రాసుందో చదివావా?"

చదివాడు. 120 వోల్టులు. ఇక్కడ గోడలోంచి వచ్చేది 230. అడాప్టర్ ప్లగ్గు ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజి మార్చదు. స్విచ్చి వేసి ఉంటే, సముద్రాలు దాటొచ్చిన మిషన్ ఒక్క పాటైనా పాడకుండానే లోపలి పవర్‌సప్లై మాడిపోయేది.

పెద్దాయనకి సీడీ అంటే ఏమిటో సరిగ్గా తెలియదు. కరెంటు అంటే తెలుసు. "కొత్తది ఏదొచ్చినా ముందు వీపు చూడాలిరా, తర్వాతే మొహం" అన్నారు. మర్నాడే గుంటూరు వెళ్లి, రెండు ప్లేయర్లూ తినే కరెంటు కంటే ఎక్కువ మోయగల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చారు.

ఆ మిషన్ కథ కూడా చిన్నదేం కాదు. పాటని మధ్యలో చేత్తో పట్టి ఆపడం, వెనక్కి తిప్పడం, మళ్లీ వదలడం... ఈ విద్య మొదట రికార్డులది. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ మీద ఎందరో డీజేలు చేతివాటం చూపించారు. 1982లో సీడీలు మార్కెట్‌లోకి వచ్చినా అవి చేతికి లొంగలేదు. సీడీ పెట్టె లోపల తిరుగుతుంది, ముట్టుకుందామంటే కుదరదు! జపాన్‌కి చెందిన పయొనీర్ కంపెనీ 1994లో సీడీజే-500తో ఒక దారి చూపించింది. 2001లో సీడీజే-1000 వచ్చాక ఆ కొరత తీరింది. పైనున్న చక్రాన్ని వేలితో ఆపితే పాట ఆగుతుంది, వెనక్కి తిప్పితే వెనక్కి నడుస్తుంది. లోపలి సీడీ మాత్రం తన దారిన తను తిరుగుతూనే ఉంటుంది. చేతికి లొంగేది మిషన్ మెమరీలోకి ఎక్కిన పాట. బావ తెచ్చినవి ఆ రకమే.

హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో ఓ మిక్సర్ కొన్నాడు కుర్రాడు. ఓ ఆదివారం పూట వసారాలో అన్నీ పరిచి కూర్చున్నారు తండ్రీకొడుకులు. ఎర్ర పిన్ను కుడివైపు, తెల్లది ఎడమవైపు. అంతవరకూ బాగానే ఉంది. కానీ పాట పెట్టగానే గొంతు పూడుకుపోయిన మనిషి గావుకేకలు పెట్టినట్టుంది సౌండు. 'సెకండ్‌హ్యాండ్ సరుకు కదా... బావ మోసపోయాడు' అనుకున్నాడు కుర్రాడు.

పెద్దాయన వంగి మిక్సర్ వెనక చూశారు. వైర్లు 'ఫోనో' అని రాసున్న చోట ఉన్నాయి. ఆయన నవ్వారు.

"ఇది మా కాలందిరా. ముల్లు మిషన్ కోసం పెట్టిన కన్నం."

రికార్డు మీద ముల్లు పుట్టించే సిగ్నల్ చాలా బలహీనం, వోల్టులో కొన్ని వెయ్యోవంతులు. అందుకే ఫోనో ఇన్‌పుట్ దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది, తగ్గించి చెక్కిన బేస్‌ని మళ్లీ లేపుతుంది. సీడీ ప్లేయర్ నుంచి వచ్చేది అప్పటికే బలంగా ఉంటుంది, ఇంచుమించు రెండు వోల్టులు. దాన్ని తీసుకెళ్లి ఫోనోలో పెడితే, కడుపునిండా తిన్నవాడికి మళ్లీ విస్తరి వేసినట్టే. వైర్లు 'లైన్' అన్నచోటికి మార్చగానే పాట తేటగా పలికింది. బావ మీద పడ్డ నింద కూడా పోయింది.

ఆ సాయంత్రం ఇంకో పాఠం. అన్ని స్విచ్చులూ ఒకేసారి వేయబోతే చెయ్యి పట్టుకున్నారు పెద్దాయన. ముందు ప్లేయర్లు, తర్వాత మిక్సర్, వాల్యూం మీటలన్నీ కిందికి దించాకే చివర్న యాంప్లిఫయర్. ఆపేటప్పుడు సరిగ్గా తిరగేసి... మొదట యాంప్లిఫయర్, ఆ తర్వాతే మిగతావి. ఎందుకంటే, స్విచ్చి వేసిన క్షణంలో ప్రతి మిషనూ చిన్న ఉలికిపాటు పడుతుంది. అప్పటికే యాంప్లిఫయర్ మేలుకుని ఉంటే ఆ ఉలికిపాటుని కొండంత చేసి స్పీకర్ల మీదికి వదుల్తుంది. 'ధబ్' మన్న ఆ ఒక్క దెబ్బకి కాయిల్ పోయిన హారన్ యూనిట్లు ఆయన అటక మీద డజను దాకా ఉన్నాయి.

తండ్రికి తెలియనివి కొడుకు చెప్పాడు. సీడీని అంచులు పట్టుకుని తీయాలి. తుడిస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవాలి, గుండ్రంగా కాదు. గుండ్రంగా పడిన గీత పాట నడిచే దారి వెంటే పడుతుంది, మిషన్ సర్దుకోలేదు. బొమ్మ ఉన్న వైపే గట్టిదని చాలామంది అనుకుంటారు. నిజానికి పాట ఉండే పొర ఆ బొమ్మకి సరిగ్గా కిందే ఉంటుంది, అక్కడ గీత పడితే ఇక అంతే. కాగితం లేబుల్ అంటించిన సీడీనీ, చీలిక ఉన్న సీడీనీ ఈ మిషన్ నోట్లో పెట్టకూడదు. ఇరుక్కుంటే బయటికి రాదు. ఏసీ కారులోంచి దించి ఉక్కపోతలో పెడితే లోపలి అద్దం మీద ఆవిరి పడుతుంది, ఓ గంట ఆగాలి. చదివేది లేజరు కిరణం, కంటికి కనిపించదు. కనిపించట్లేదు కదా అని మూత విప్పి తొంగిచూడకూడదు.

"అయితే దీనికి ముల్లు లేదంటావ్" అన్నారు పెద్దాయన ఆశ్చర్యంగా.

"లేదు నాన్నా, వెలుగే ముల్లు."

ఆ మాట ఆయనకి నచ్చింది. వారం రోజులపాటు వచ్చినవాళ్లందరికీ చెప్పారు.

మొదటి కార్యక్రమం పక్కూళ్లో పెళ్లి రిసెప్షన్. సాయంత్రం ఓ జల్లు పడి ఆగింది, నేలంతా తడి. ప్లేయర్లని సౌండ్‌బాక్సుల మీద పెట్టబోతే, అదురుకి పాట తెగుతుందని కుర్రాడే వద్దన్నాడు. విడిగా గట్టి బల్ల వేసి, మిషన్ల కింద స్పాంజి ముక్కలు పెట్టాడు. ఎక్స్‌టెన్షన్ బోర్డుల్ని నేల మీద వదలకుండా కుర్చీలకెక్కించారు. అంతా సిద్ధం. యాంప్లిఫయర్ వేయగానే 'గుయ్‌య్‌య్...' మని రొద. తగ్గదే!

సాయానికి వచ్చిన కుర్రవాడు పటకారు తీశాడు. "ఎర్త్ పిన్ను లాగేస్తే పోద్దన్నా. అందరూ అంతే చేస్తారు."

పెద్దాయన మొహం మారిపోయింది. పటకారు లాక్కున్నారు. అంతమందిలో ఆయన ఎవరి మీదా గొంతు పెంచడం కొడుకు అంతకుముందు చూడలేదు. కాసేపటికి తేరుకుని, వైర్లన్నీ తనే చూసుకుంటూ వెళ్లారు. యాంప్లిఫయర్‌కి కరెంటు జనరేటర్ దగ్గరున్న బోర్డు నుంచి వస్తోంది. మిక్సర్, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మండపం బోర్డుకున్నాయి. రెంటి ఎర్త్‌లకీ మధ్య తేడా ఉంది, ఆ తేడానే స్పీకర్లో రొదయ్యింది. అన్నిటినీ ఒకే బోర్డు మీదికి తెచ్చారు. కరెంటు వైరు పక్కనే పడుకున్న ఆడియో వైరుని దూరంగా జరిపారు. రొద పోయింది.

రాత్రి సామాన్లు ఆటోకెత్తాక, సోడా తాగుతూ అసలు సంగతి చెప్పారాయన. పెళ్లికి ముందు మాట... నవమి పందిట్లో ఇలాగే రొద వస్తుంటే ఎర్త్ పిన్ను విరిచేశారట. ఆ మధ్యాహ్నం వాన పడింది. మైకు స్టాండు జరపబోయిన పదిహేనేళ్ల పిల్లాడిని కరెంటు పట్టేసింది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి మూడు వేళ్లు వంగిపోయాయి. ఏటా సంక్రాంతికి తమ ఇంటి నుంచి ఓ బియ్యం బస్తా కిళ్లీ కొట్టాయన ఇంటికి ఎందుకు వెళ్తుందో కుర్రాడికి అప్పుడు అర్థమయ్యింది.

"పిన్ను విరిచింది నేనేరా. ఆ సంగతి వాడికి తెలుసు. ఒక్కనాడూ అడగలేదు" అన్నారు.

ఎర్త్ పిన్ను రొద కోసం పెట్టింది కాదు, మనిషి కోసం పెట్టింది. లోపల వైరు తెగి లోహపు పెట్టెకి తగిలితే, ఆ కరెంటు మనిషి ఒంట్లోంచి కాకుండా దాని దారిన భూమిలోకి పోతుంది. తర్వాతి నెల్లోనే తమ బోర్డుకి ఆర్‌సీసీబీ పెట్టించాడు కుర్రాడు. 30 మిల్లీయాంపియర్ల కరెంటు దారి తప్పినా కళ్లు మూసి తెరిచేలోగా సప్లై ఆపేస్తుందది.

వ్యాపారం నిలబడింది. కానీ ఇంట్లో ఇంకో సంగతి బయటపడింది. మనవరాలు "తాతా" అని వెనక నుంచి పిలిస్తే పెద్దాయన పలకడం లేదు. ఫోను మోగినా అంతే. అలిగారేమో అనుకున్నారు మొదట. గుంటూరులో చెవుల డాక్టరు పరీక్ష చేసి, కాగితం మీద గీత చూపించాడు. సన్నటి శబ్దాల దగ్గర గీత ఒక్కసారిగా కిందికి పడిపోయింది. పసిపిల్లల గొంతు, స, శ లాంటి అక్షరాలు ఉండేది అక్కడే. ముప్ఫై ఏళ్లు బాకాల పక్కన కూర్చున్న ఫలితం. లోపలి చెవిలో సన్నటి రోమాలున్న కణాలు ఉంటాయి. పెద్ద శబ్దానికి అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు.

85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి ఎనిమిది గంటలు భరించవచ్చని లెక్క. ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ సమయం సగానికి సగం తగ్గిపోతుంది. 88కి నాలుగు గంటలు. 100కి చేరితే... పావుగంటే! డీజే పక్కన నిల్చుంటే వంద దాటడం ఎంతసేపు? కార్యక్రమం అయ్యాక చెవుల్లో గింగురుమంటోందంటే చెవి తన బాధ చెప్పుకుంటున్నట్టే. ఆ రోజు నుంచి కుర్రాడు చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు లేకుండా బల్ల ముందు నిలబడలేదు. పిల్లలు బాక్సుల ముందుకొచ్చి గెంతుతుంటే పాట ఆపి మరీ వెనక్కి పంపేవాడు. "వీడెక్కడి డీజేరా బాబూ, సౌండు పెంచమంటే తగ్గిస్తాడు" అని పేరు పడింది. రెండు మూడు బేరాలు పోయాయి కూడా.

ఇప్పుడు డీజే అంటే మనిషి కాదు, లారీ నిండా పేర్చిన బాక్సులు. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించేదాకా వెళ్లింది వ్యవహారం. మిషన్లూ మారాయి. 2020లో వచ్చిన సీడీజే-3000కి పేరులో సీడీ ఉంది గానీ సీడీ పెట్టే చోటే లేదు. పాటలన్నీ వేలెడంత పెన్‌డ్రైవ్‌లో వచ్చేస్తున్నాయి. కుర్రాడికి కణతల దగ్గర జుట్టు నెరిసింది. అతని బల్ల మీద మాత్రం న్యూజెర్సీ నుంచి వచ్చిన ఆ రెండు ప్లేయర్లలో ఒకటి ఇంకా పాడుతోంది, అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద.

పెద్దాయన ఇప్పటికీ దగ్గర ఊళ్లో కార్యక్రమమైతే వచ్చి ఓ కుర్చీలో కూర్చుంటారు. చెవికి మిషన్ ఉంది గానీ అంత సందడిలో దాన్ని తీసి జేబులో పెట్టుకుంటారు. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పెళ్లివారు ఇంకో పాట, ఇంకొక్క పాట అంటూనే ఉంటారు. గడియారం చూసి కొడుకు మీటలు కిందికి దించుతాడు. మొదట యాంప్లిఫయర్ స్విచ్చి ఆపుతాడు.

పాట ఆగిన సంగతి పెద్దాయనకి వినపడదు. యాంప్లిఫయర్ మీది ఎర్రలైటు వంక చూస్తారు. అది ఆరిందని చూసుకుని, కండువా దులుపుకుని, వైర్లు చుట్టడానికి లేస్తారు.