రాత్రి ఎనిమిదిన్నరకి గింతీ

2025 నవంబరు 3, సోమవారం. పొద్దున్న 10 గంటలకి కువైట్‌లో సైరన్లు మోగాయి. కంగారేం లేదు, ఉత్తుత్తి పరీక్షే, ముందే చెప్పారు కూడా. మా ఆఫీసులో జనమంతా కిటికీల దగ్గర చేరి ఫోనుల్లో రికార్డు చేసుకుంటున్నారు. నా పక్క సీటు కువైటీ పెద్దాయన మాత్రం లేవలేదు. రెండు చేతులూ బల్ల మీద గట్టిగా ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చిపడినప్పుడు ఆయనకి పదహారేళ్ళట. ఐదేళ్ళుగా పక్కపక్కనే కూర్చుంటున్నాం, ఆ సంగతి నాకు ఆరోజే తెలిసింది.

ఆ చేతులు చూడగానే మా పెదనాన్న గుర్తొచ్చారు.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. ఉత్త మాధవరం అంటే మావైపు ఎవరూ అనరు, మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ పటాలంలోకి మనుషుల్ని పంపిన ఊరు. మా పెదనాన్న సిగ్నల్స్‌లో లైన్‌మన్. 1971 డిసెంబరు 3న పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్ స్థావరం మీద బాంబులు వేసిన సాయంత్రం, ఆయన ఆ దగ్గర్లోనే తీగ చుట్ట భుజాన వేసుకుని ఉన్నారు. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళు. చిన్నప్పుడు మాకు యుద్ధం కథలు చెప్పమంటే చలి గురించీ, లంగరు రొట్టెల గురించీ చెప్పేవారు. అంతే. దీపావళికి మాత్రం పొలం పని ఉందని చెప్పి సాయంత్రమే వెళ్ళిపోయేవారు. పండగ పూట పొలంలో పనేమిటని మాకెవరికీ తోచలేదు!

2025 మే 9, శుక్రవారం. ఇక్కడ సెలవు. పెద్దమ్మ ఫోన్ చేసింది.

"మీ పెదనాన్న మూడు రాత్రుల్నించీ పడుకోవట్లేదురా. టీవీ ముందే కూర్చుంటున్నారు. కట్టేస్తే ఊరుకోరు, పెడితే ఒళ్ళంతా చెమటలు."

ఆపరేషన్ సిందూర్ రోజులవి. వెనక నుంచి టీవీ మోత నాకు ఫోన్లోనే వినిపిస్తోంది. వార్తకి వార్తకి మధ్య సైరన్. మర్నాడు, మే 10న, కార్యక్రమాల్లో సైరన్ల మోత వాడొద్దని కేంద్ర హోంశాఖలోని సివిల్ డిఫెన్స్ విభాగం చానళ్ళకి చెప్పాల్సొచ్చింది. అంటే మా ఇంట్లో ఒక్కచోటే కాదన్నమాట.

సరే, మనం మాస్టర్స్ చేసిన వాళ్ళం కదా, సమస్య అనగానే సాఫ్ట్‌వేర్ వెతుకుతాం. దొరికింది కూడా. పీటీఎస్‌డీ కోచ్ అని, అమెరికాలో మాజీ సైనికుల శాఖా, రక్షణ శాఖా కలిసి 2011లో తెచ్చిన ఉచిత యాప్. మంచి యాపే, దానికి పేరు పెట్టను. ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పుతుంది, ఆందోళన ఎంతుందో సున్నా నుంచి పది దాకా కొలిచి చెప్పమంటుంది. మా తమ్ముడి చేత పెదనాన్న ఫోన్లో వేయించా.

వారం తర్వాత చూస్తే అన్ని రోజులూ సున్నా.

"ఏం పెదనాన్నా, నిద్ర పట్టట్లేదంటున్నారు, ఇక్కడ సున్నా అని నొక్కారేంటి?"

"ఏరా, సిపాయన్నవాడు పది అని రాసిస్తాడా? అది ఎవడి బల్ల మీదకి వెళ్తుందో!"

పింఛను ఆగిపోతుందని కాదు. యాభై ఏళ్ళ అలవాటు. పైవాళ్ళు అడిగితే అంతా బాగానే ఉందని చెప్పాలి. పైగా అందులో మాట్లాడే అమ్మాయి ఇంగ్లీషులో ఊపిరి పీల్చమంటుంటే డ్రిల్లు చేయిస్తున్నట్టు ఉందట. మనం తెర మీద బొత్తాం పెట్టగలం, దాన్ని నిజంగా నొక్కించలేం కదా.

"పోనీ ఎవరికైతే నిజం చెప్తారు?" అనడిగా.

చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నా. "మా యూనిట్ వాళ్ళకి," అన్నారు చివరికి.

వాళ్ళు నలుగురు మిగిలారు. ఒకాయన గుంటూరు, ఒకాయన కడప, ఇంకొకాయన తమిళనాడులో వేలూరు. నేను చేసిందల్లా వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టడం, నాలుగు నెంబర్లు ఎక్కించడం. రెండు నిమిషాల పని. ఇక మిగతాదంతా పెదనాన్నే చూసుకున్నారు. పటాలంలో రాత్రి లెక్క తీస్తారు చూడండి, దాన్ని గింతీ అంటారు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి గ్రూపులో గింతీ. టైపు చేయడం ఎవరికీ రాదు కాబట్టి గొంతులోనే. "హాజిర్" అనాలి. ఆ తర్వాత ఆ రోజు ఎలా గడిచిందో ఒక్క ముక్క. అప్పుడు ఒకాయన లెక్కపెడతాడు, నాలుగు అంకెలు పీల్చడం, ఆరు అంకెలు వదలడం. ఊపిరి నెమ్మదిగా, ఎక్కువసేపు వదిలితే గుండె వేగం తగ్గుతుంది. యాప్ చెప్పేదీ అదే. కానీ ఇక్కడ లెక్కపెట్టేది తోటి సిపాయి, అదీ పటాలం హిందీలో.

ఆగస్టులో ఒక రాత్రి గుంటూరాయన హాజిర్ చెప్పలేదు. తొమ్మిదైంది, లేదు. పెదనాన్న ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆయన కొడుకు ఊళ్ళో లేడు. పక్కింటివాళ్ళ నెంబరు పట్టుకుని పంపిస్తే, ఆయన వంటింట్లో దీపం ఆర్పేసి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారట. వీధిలో ఎవరిదో పెళ్ళి ఊరేగింపు, బాణాసంచా. నలుగురూ ఫోన్లోనే అర్ధరాత్రి దాకా కూర్చున్నారు.

మర్నాడు నేను 14416 గురించి చెప్పా. టెలీ మానస్ అని, 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ ఉచిత సేవ, ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. సైన్యం వాళ్ళ కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాలలో 2023 డిసెంబరు 1న ఒక ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. మే నెలలో ఇదే మాటంటే పెదనాన్న నా మీద విరుచుకుపడ్డారు, "నాకేమైనా పిచ్చా?" అని. ఈసారి అనలేదు. "వాడొక్కణ్ణీ చెయ్యమంటే చెయ్యడు. నేనూ చేస్తా, తోడుగా," అన్నారు. తోడుగానే చేశారు. ఆ తర్వాత ఈసీహెచ్ఎస్ డాక్టరు దగ్గరికీ వెళ్ళారు. ఇప్పుడు రాత్రికి నాలుగైదు గంటలు పడుకుంటున్నారని పెద్దమ్మ చెప్పింది. మొత్తం నయమైపోయిందని చెప్పను. మొన్న దీపావళికీ పొలానికి వెళ్ళారు. కాకపోతే ఎందుకెళ్తున్నారో ఈసారి చెప్పి మరీ వెళ్ళారు.

మళ్ళీ సైరన్ దగ్గరికి వస్తా. ఆ సాయంత్రం ఇక్కడ ఆరు గంటలు, అంటే అక్కడ ఎనిమిదిన్నర. గింతీ అయ్యేదాకా ఆగి పెదనాన్నకి ఫోన్ చేసి, పక్క సీటు పెద్దాయన సంగతి చెప్పా.

"చివర్న ఆల్ క్లియర్ మోగించారా?" అనడిగారు.

"అంటే?"

"ఎగుడుదిగుడుగా ఊళ వేస్తే ప్రమాదం. తిన్నగా ఒకటే మోతైతే, అయిపోయింది బయటికి రండని. టీవీవాళ్ళు ఊళ ఒక్కటే వేస్తార్రా, రెండోది ఒక్కరోజూ వెయ్యలేదు."

మోగించారనే చెప్పా.

"అయితే ఫర్వాలేదు. రేపు ఆయన దగ్గర కాసేపు కూర్చో."

మర్నాడు రెండు చాయ్‌లు పట్టుకుని వెళ్ళి కూర్చున్నా.