మ్యాప్ మీద చుక్క

"అమ్మా, మిక్సీ ఇప్పుడు వేయకు. ప్లీజ్, వినబడదు."

రాత్రి తొమ్మిదిన్నరైంది. మర్నాటి దోసెలకి పప్పు నానబెట్టి ఉంది. వీడేమో హాల్లో లైట్లన్నీ తీసేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఇంకో రోజైతే "నీ ఆట కోసం ఇల్లంతా పస్తుండాలా?" అని కసిరేదాన్నే. కానీ దసరా సెలవులకి వచ్చి మూడు రోజులైనా, వాడు నాతో తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అదే. అందుకని పప్పు గిన్నె మీద మూత పెట్టేసి, స్టూలు లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను. ఎందుకు మాట్లాడట్లేదో తర్వాత చెప్తాను.

ఆట పేరు సైలెంట్ హంటర్ 3. 2005లో వచ్చిందట, అంటే దాదాపు మావాడి వయసే. రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్ మహాసముద్రంలో తిరిగిన జర్మన్ జలాంతర్గామికి మనమే కెప్టెన్. ఆటలో "రియలిజం" అని ఒక పేజీ ఉంది. అందులో వరసగా టిక్కులు పెట్టుకోవాలి. ఒక్కో టిక్కు పెడితే ఆట అంత కష్టమవుతుంది, ఎంత శాతం నిజానికి దగ్గరయిందో పక్కనే అంకె పెరుగుతుంది.

"బ్యాటరీ పరిమితం" అని టిక్ పెట్టకపోతే నీళ్ళ కింద ఎంతసేపైనా తిరగొచ్చు. పెడితే, అసలు పడవకి ఉన్నట్టే, 4 నాట్ల వేగంతో వెళ్ళినా 80 నాటికల్ మైళ్ళకే చార్జి అయిపోతుంది. పైకి తేలి డీజిల్ ఇంజన్లు నడిపి మళ్ళీ చార్జి చేసుకోవాల్సిందే. ఇంధనం, లోపలి గాలి, అన్నీ అంతే. "పేలని టార్పెడోలు" అని ఇంకో టిక్కు ఉంది. అంత కష్టపడి గురిపెట్టి వదిలాక అది టంగుమని తగిలి ఊరుకోవచ్చు. 1940లో నార్వే దగ్గర జర్మన్ వాళ్ళకి నిజంగానే అలా జరిగిందట, టార్పెడోలు వరసపెట్టి మొరాయించాయట.

గురి కూడా మనమే లెక్క కట్టాలి. మావాడి పక్కన కాగితం, పెన్సిలు, ఫోన్లో స్టాప్‌వాచ్ ఉన్నాయి. పెరిస్కోపులో ఉన్న నిలువు గీతని ఎదుటి ఓడ ముక్కు నుంచి తోక దాకా దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తాడు. 130 మీటర్ల ఓడ 25 సెకన్లలో దాటిందంటే దాని వేగం 10 నాట్లన్నమాట. ఇంటర్లో లెక్కలంటే కడుపునొప్పి తెచ్చుకున్న పిల్లాడు వీడేనా అనిపించింది.

"ఆ టిక్కులన్నీ తీసేసి హాయిగా ఆడుకోవచ్చుగా?" అన్నాను.

"తీసేస్తే ఓడల్ని పేల్చే ఆటవుతుందమ్మా. పెడితే నేను లోపలున్నట్టుంటుంది" అన్నాడు. అని, ఒక ఇయర్‌ఫోన్ తీసి నాకిచ్చాడు.

అప్పటికి మేం 150 మీటర్ల లోతులో ఉన్నాం. (మేం అంటున్నాను, నవ్వకండి!) పైన ఒక డిస్ట్రాయర్ తిరుగుతోంది. తెర మీద ఎర్రటి వెలుతురు, లోతు చూపించే ముల్లు, పని చేసుకుంటున్న నలుగురు మనుషులు, అంతే. శబ్దం చేయొద్దని ఆర్డరిస్తే సిబ్బంది గుసగుసగానే మాట్లాడతారు. మరమ్మతులు కూడా ఆపేస్తారు. ఇనుము ఎక్కడో కిర్రుమంటుంది. "పింగ్" అని ఓ శబ్దం, కాసేపాగి మళ్ళీ "పింగ్".

"పైన వాడెక్కడున్నాడో చూపించదా?" అన్నాను. నేనూ గుసగుసగానే అడిగాను.

"బయటి కెమెరా ఆపేశాను. కెప్టెన్‌కి కనబడనిది నాకు మాత్రం ఎందుకు కనబడాలి? వినాలంతే."

ఈలోగా మావారు "మంచినీళ్ళ బాటిలెక్కడ పెట్టావోయ్?" అంటూ వచ్చారు. ఇద్దరం ఒకేసారి "ష్!" అన్నాం. ఆయన బిత్తరపోయి వెనక్కి వెళ్ళిపోయారు.

"పోనీ మ్యాపులో?"

"అదీ ఆపేశాను. ఆన్‌లో ఉంటే ఓడలన్నీ మ్యాపు మీద గుర్తుల్లా వాటంతటవే పడుతుంటాయి. అప్పుడిక సముద్రం చూడబుద్ధి కాదమ్మా. మ్యాపు మీదే కళ్ళుంటాయి."

వాడు నన్ను ఉద్దేశించి అనలేదు. కళ్ళు తెర మీదే ఉన్నాయి. కానీ నాకు మాత్రం ఎక్కడో కలుక్కుమంది.

ఇప్పుడు చెప్తాను అసలు సంగతి. వాణ్ణి హాస్టల్లో చేర్చినప్పుడు ఫోన్లో లొకేషన్ ఎప్పుడూ నాకు కనబడేలా పెట్టించుకున్నాను. కూర తరుగుతూ చూసేదాన్ని, పడుకోబోయే ముందు చూసేదాన్ని. సెప్టెంబర్లో ఓ రాత్రి పదకొండు దాటినా చుక్క హాస్టల్ దగ్గర లేదు. నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. వార్డెన్‌కి చేశాను. ఆయన అబ్బాయిలందర్నీ లేపి అడిగాడు. వీడు ఫ్రెండుకి జ్వరమొస్తే క్లినిక్కి తీసుకెళ్ళాడు, ఫోన్ సైలెంట్లో ఉంది. మర్నాటి నుంచి వాడికి హాస్టల్లో "చుక్క" అని పేరు పెట్టారట. ఆ మాట కూడా వాడు నాకు చెప్పలేదు, వాళ్ళ నాన్నకి చెప్పాడు.

డిస్ట్రాయర్ వెళ్ళిపోయేసరికి పదిన్నర దాటింది. ఆ గంటలో నేను ఫోన్ ముట్టుకోలేదు. వాడి ఊపిరి మారినప్పుడల్లా నాకు తెలిసింది.

"మరి నూటికి నూరు శాతం పెట్టుకుని ఆడతావా?" అన్నాను.

నవ్వాడు. "లేదమ్మా. అలలకి పెరిస్కోపు ఊగుతుంటే కళ్ళు తిరుగుతాయి. అదొక్కటి ఊగకుండా పెట్టుకున్నా." ఆ తర్వాత వాడే చెప్పాడు. ఆటలో కాలాన్ని వెయ్యి రెట్లు పరిగెత్తించవచ్చట. వారాల తరబడి ఖాళీ సముద్రాన్ని చూస్తూ కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది? అసలు పడవలో దగ్గర దగ్గర 50 మందికి రెండే మరుగుదొడ్లు. బయల్దేరేటప్పుడు అందులో ఒకటి తిండి సామాన్లతోనే నిండిపోయేదట.

ఇక్కడ మన విశాఖ బీచిలో కుర్సురా చూశాను కాబట్టి నాకది కాస్త ఊహకందింది. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన సబ్‌మెరైన్ అది. ఆ గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరుతుంటే, ఒకరి మీద ఒకరికి ఉన్న పక్కలు చూస్తుంటే నాకు పది నిమిషాలకే ఊపిరాడలేదు.

"జర్మన్ పడవల్లోకి వెళ్ళినవాళ్ళు 40,000 మంది. అందులో 28,000 మంది దాకా తిరిగి రాలేదు. నేనైతే సేవ్ చేసిన చోటునుంచి మళ్ళీ మొదలెడతా. ఆ తేడాకి మాత్రం టిక్కు లేదమ్మా" అన్నాడు.

ఆ తిరిగి రానివాళ్ళ అమ్మలకి ఏ చుక్కా లేదు కదా అనుకున్నాను. అనుకున్నాను గానీ వాడితో అనలేదు.

సెలవులైపోయి బయల్దేరే రోజు పులిహోర డబ్బా సర్దుతూ, "లొకేషన్ ఆపేసుకోరా" అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, "పూర్తిగానా?" అన్నాడు. "నువ్వు పెరిస్కోపు ఊగకుండా ఒకటుంచుకున్నావుగా. నేనూ ఒకటుంచుకుంటా. చేరగానే మెసేజ్ పెట్టు" అన్నాను. వార్డెన్ విషయానికి సారీ కూడా చెప్పాను. వాడేమీ మాట్లాడలేదు, డబ్బా అందుకుని బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టుకున్నాడు.

ఆ రాత్రి రైలు ఎక్కడుందో నాకు తెలీదు. కాలాన్ని వెయ్యి రెట్లు పరిగెత్తించే మీట వంటింట్లో ఎక్కడా లేదు. రెండింటికోసారి, నాలుగింటికోసారి లేచాను. ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను. పొద్దున్న ఆరూ నలభైకి మెసేజ్ వచ్చింది.

"పైకి తేలానమ్మా. పులిహోర అయిపోయింది."

లేచి వెళ్ళి మిక్సీ వేశాను.