పేరొచ్చింది, పొద్దుపోదు

మా చెట్టికరై పేరు మీలో చాలామంది విని ఉండరు. ధర్మపురికి దగ్గర్లో ఉన్న పల్లె. 2013లో ప్రభుత్వ ఇంజనీరింగు కాలేజీ వచ్చిన తరువాత కొత్తవాళ్ళ నోట కూడా మా ఊరి పేరు వినబడుతోంది గాని, అంతకు ముందు ధర్మపురి పేరు చెబితే తప్ప మాదేవూరో ఎవరికీ తెలిసేది కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. మా ఇళ్ళల్లో తెలుగు నోటికే గాని చేతికి రాదు. పెళ్ళిపత్రికలు కూడా తమిళంలోనే అచ్చువేయిస్తాం. ఆంధ్రకు బయట ఉన్న మీ అందరికీ ఈ సంగతి నేను విడమరచి చెప్పనక్కరలేదు.

అటువంటి ఇంట్లో ఒక పాటలు రాసేవాడు పుట్టాడు. మా అక్క కొడుకు. చదువుకోసమని పోలండు దేశం వెళ్ళాడు. కటొవీత్సె అనే ఊళ్ళో ఉంటున్నాడు. బొగ్గు గనుల ప్రాంతమట అది. పగలు కాలేజీ, వారంలో కొన్ని రాత్రులు ఒక గోదాములో సరుకు సర్దే పని. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నవాణ్ణి గనుక వాడి విద్యా రుణం కాగితాలు నేనే దగ్గరుండి చూశాను. వాడు పాటలు రాస్తాడని మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

వాడు రాసేది ర్యాప్. ఆ పేరు వినగానే మన వయసు వాళ్ళకు చెవులు మూసుకోబుద్ధి అవుతుంది. నాకూ అంతే. కాని వాడి పాట రెండోసారి విన్నప్పుడు మా ఊరి చెక్కభజన గుర్తుకొచ్చింది. తాళం వదలకుండా, ఊపిరి తీసుకోకుండా, మాట మీద మాట పేర్చుకుంటూ పోవడం మన పల్లెలకు కొత్తేమీ కాదు. మా ఊరి చెరువు ఎండిపోయిన సంగతీ, అక్కడ మంచులో నడిచి రాత్రి డ్యూటీకి పోయే సంగతీ ఒకే పాటలో కలిపాడు. అదీ మా ఇంటి తెలుగులో, "ఉండాది", "వచ్చినాడు" అంటూ. పుస్తకాల తెలుగు వాడికి రాదు కదా!

ఒక చిక్కు చెప్పాలి. వాడు తెలుగు పాటను తమిళ లిపిలో రాసుకుంటాడు. తమిళంలో క, గ లకు రెండింటికీ ఒకే అక్షరం. గాలి అన్నా కాలి అన్నా రాతలో తేడా ఉండదు. వాడితో కలిసి పాడిన తమిళ స్నేహితుడు కాగితం చూసి "గాలి" అనవలసిన చోట "కాలి" అని పాడేశాడు. అదే రికార్డయి దేశాలు తిరిగింది. "మామా, అదే బాగుందని అంటా ఉండారు" అని నవ్వాడు వాడు.

ఆ పాటను వేలమంది విన్నారు. ధర్మపురిలో, హోసూరులో, బెంగళూరులో మనలాంటి ఇళ్ళవాళ్ళు ఒకరికొకరు పంపుకున్నారు. మా అక్క ఇంటికి ఎన్నడూ రాని చుట్టాలు వచ్చి పలకరించి వెళ్ళారు. ఆ తరువాతే వాడి ఫోను తగ్గింది. రోజూ చేసేవాడు వారానికి వచ్చాడు, వారం పదిహేను రోజులైంది. అక్క నాకు ఫోన్ చేసి, "పేరొస్తే పిల్లోడు దూరమైతాడా రా?" అని అడిగింది. ఏం చెప్పను?

నేనే ఒక ఆదివారం పట్టుబట్టి మాట్లాడాను. చాలాసేపు చలి గురించీ, బియ్యం ధర గురించీ చెప్పి, చివరకు అన్నాడు: "పేరొచ్చింది మామా, పొద్దుపోదు."

మా వైపు తెలుగులో ఒంటరితనం అనే మాట ఎవరూ వాడరు. "బేజారుగా ఉండాది" అంటాం, లేకపోతే "పొద్దుపోదు" అంటాం. వాడు అన్నది ఆ పెద్ద మాటేనని నాకు అర్థమైంది.

అప్పుడే ఆ ఊరి పాటగాడి కథ కూడా చెప్పాడు. పోలండులో 1989లో కమ్యూనిస్టు ప్రభుత్వం పోయిన తరువాత, అగ్గిపెట్టెల్లా వరసగా కట్టిన అపార్టుమెంట్ల నుంచి కుర్రవాళ్ళు ర్యాప్ కట్టడం మొదలుపెట్టారట. కటొవీత్సెలో మాగిక్ అనే కుర్రవాడు మొదట కాలిబెర్ 44 అనే బృందంలో ఉండి, అది విడిచి, 1998లో ఇద్దరు స్నేహితులతో పక్తోఫోనికా అనే బృందం పెట్టాడు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 2000 డిసెంబరు 18న విడుదలైంది. డిసెంబరు 26న మాగిక్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఇరవై రెండేళ్ళవాడు. ఆ ఆల్బమ్ ఆ దేశపు ర్యాప్‌లో గొప్పవాటిలో ఒకటని పేరు తెచ్చుకుంది. 2012లో వాళ్ళ కథ సినిమాగా వస్తే పది లక్షలకు పైగా జనం థియేటర్లలో చూశారు. చూడవలసినవాడు మాత్రం లేడు.

ఈ కథ విని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కకు చెప్పలేదు. తెల్లవారి నేనే ఫోన్ చేసి, డొంకతిరుగుడు లేకుండా, "నీకేమైనా అట్లాంటి తలపు వస్తా ఉండాదా రా?" అని అడిగేశాను. ఇటువంటి సంగతి అడగకూడదనీ, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందనీ మనవాళ్ళలో ఒక భయం ఉంది. నాకా నమ్మకం లేదు. వాడు కాసేపు ఊరుకుని, "లేదు మామా. కాని మీరు అడిగింది మంచిదైంది" అన్నాడు. ఆ కాలేజీలో పిల్లలతో మాట్లాడే డాక్టరమ్మ ఉందనీ, వెళ్తాననీ చెప్పాడు. వెళ్ళాడు కూడా.

ఆ తరువాత వాడికి నేనొక కథ చెప్పాను. అది దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిది.

నేను ధర్మపురి ఆర్ట్స్ కాలేజీలో బి.కాం. చదివినవాణ్ణి. సాహిత్యంతో నాకేం పని? 1998లో కుప్పం బ్రాంచికి బదిలీ అయితే, అక్కడ హెడ్ క్యాషియరుగారు వాడేసిన చలానాల వెనక నాచేత తెలుగు అక్షరాలు దిద్దించారు. అక్షరాలు వచ్చాక నా చేతిలో ఆయన పెట్టిన మొదటి పెద్ద పుస్తకం "కృష్ణపక్షం". సగం అర్థం కాలేదు. అర్థమైన సగంలో ఒక మనిషి ఒంటరిగా కూర్చుని ఏడుస్తున్నాడని మాత్రం తెలిసింది.

కృష్ణశాస్త్రిగారు 1897లో పిఠాపురం దగ్గర పుట్టారు. "కృష్ణపక్షం" 1925లో వచ్చింది. ఆ పుస్తకంతో ఆయన పేరు మార్మోగి, ఆంధ్ర షెల్లీ అన్నారు. ఒక తరం కుర్రవాళ్ళు ఆయనలాగే నిట్టూర్చారు. కాని ఆ ఏడుపంతా పద్యంలోనే. బయట ఆయన మాటకారి, మంచి ఉపన్యాసకుడు, పదిమందిని కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పే మనిషి. పాటలో ఏడ్చినవాడు ఇంట్లో ఏడుస్తూ కూర్చుంటాడనుకోవడం మన అమాయకత్వం. మా అక్కకు కూడా ఇదే చెప్పాను.

1951లో బి.ఎన్. రెడ్డిగారి "మల్లీశ్వరి"తో ఆయన సినిమా పాటలకు వచ్చారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి, ఇంచుమించు ఇప్పుడు నా వయసే. సాలూరి రాజేశ్వరరావుగారి బాణీలతో ఆ పాటలు కావ్యాలు చదవని ఇళ్ళకు కూడా చేరాయి. పుస్తకం చేరలేని చోటికి పాట చేరుతుందనడానికి మా చెట్టికరై ఇల్లే సాక్ష్యం. మా అమ్మకు ఒక్క తెలుగు అక్షరం రాదు, ఆ పాటలన్నీ వచ్చు.

అసలు కష్టం అటు తరువాత వచ్చింది. 1963లో గొంతు జబ్బు వల్ల ఆయన మాట పోయింది. మాటే బతుకైన మనిషికి మాట పోవడమంటే ఊహించండి. ఆ తరువాత 1980లో మద్రాసులో పోయేవరకు, పదిహేడేళ్ళు, చెప్పదలచుకున్నది కాగితం మీద రాసి చూపించేవారు. పద్యాల్లో ఊహించుకున్న ఒంటరితనం కాదిది, నిజంగా మీద పడింది. మరి అప్పుడు ఆయన చేసిందేమిటి? పాటలు రాశారు. "ఉండమ్మా బొట్టు పెడతా" వచ్చింది 1968లో. తాను పాడి వినిపించలేని పాటను కాగితం మీద రాసి ఇస్తే మరొకరు పాడారు. 1976లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన పోయిన రెండేళ్ళకు, 1982లో వచ్చిన "మేఘసందేశం"లో కూడా ఆయన పాటలున్నాయి. ఆ సినిమా పాటలకు సుశీలగారికీ, ఏసుదాసుగారికీ, సంగీతానికి రమేష్ నాయుడుగారికీ జాతీయ బహుమతులు వచ్చాయి.

మావాడు అంతా విని, "ఆయనకు డబ్బులు బాగా వచ్చినాయా మామా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. బ్యాంకువాడి మేనల్లుడు కదా! వాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ రోజుల్లో పాటకు ఒకసారి ఇచ్చిన డబ్బే డబ్బు. పాట రాసినవాడికి రాయల్టీలో సమాన వాటా ఉండాలనీ, ఆ హక్కును నిర్మాతకు రాసిచ్చేసినా చెల్లదనీ మన కాపీరైట్ చట్టంలో చేర్చింది 2012లో. పేరు అనేది మా లెక్కల పుస్తకంలో గుడ్‌విల్ లాంటిది. ఆస్తుల వైపే చూపిస్తాం, దాంతో గది అద్దె కట్టలేం. అందుకని గోదాము పని ఇప్పుడే మానవద్దని చెప్పాను. ఈ ఒక్క సలహా మా అక్కకు నచ్చలేదు.

ఇప్పుడు వాడు ప్రతి ఆదివారం మా అమ్మతో మాట్లాడతాడు. "అవ్వా, దీన్ని ఏమంటారు, దాన్ని ఏమనేవాళ్ళు" అని పాత మాటలు అడిగి రాసుకుంటాడు. మొదట్లో అవ్వ కోసమే చేస్తున్నాడనుకున్నాం, వాడి కోసమేనని తరువాత తెలిసింది. కపిల బావి సామాన్లలో మా అమ్మ చెప్పిన కొన్నింటి పేర్లు నాకే తెలియవు. నేను తెలుగు అక్షరాలు రాసి ఫొటో తీసి పంపిస్తున్నాను, వారానికి ఒక వరస. గ, ఘ దాకా వచ్చాం. ఘ తో మన ఇంట్లో ఒక్క మాట కూడా లేదే, నేర్చుకోవడం ఎందుకంటాడు.

కొన్ని రాత్రులు ఇప్పటికీ ఫోను ఎత్తడు. ఆ రాత్రులు అక్క ఫోను తలగడ పక్కన పెట్టుకుని పడుకుంటుంది. రెండో పాట ఇంకా రాలేదు. చుట్టాలు ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉన్నారు. అక్క వాణ్ణి అడగొద్దంది, నేనూ అడగలేదు.