పులికాట్‌కు పోదామా వదినా?

వదినా, ఆ బట్టలు తర్వాత ఆరేసుకోవచ్చు గానీ, జర ఇటు గోడ దగ్గరికి రండి. రెండు రోజుల నుంచి మీతో ఒక మాట చెప్పాలని చూస్తున్నా, మీరేమో దొరకడం లేదు. మొన్న కోదాడ మీ చెల్లెలింటికి పోయారట కదా? నాకెట్లా తెలిసిందంటారా! మీ గేటుకు తాళం ఉంది, పూలకుండీలకు మీ పనమ్మాయి నీళ్ళు పోస్తోంది. అడిగా, చెప్పింది. అంతే.

సంగతేందంటే, ఈసారి సంక్రాంతి అయినాక మేం మళ్ళీ సూళ్ళూరుపేట పోతున్నాం. మీరు కూడా రావాలి. మీ వారిని ఒప్పించే పని నాది. ఆయన ఏమంటారో నాకు తెలుసు. "సముద్రమే చూడాలంటే మంగినపూడి పోదాం, దగ్గర" అంటారు. నిజమే, మన సూర్యాపేట పక్కనుంచి పోయే 65వ నంబరు హైవే కోదాడ, విజయవాడ దాటి మచిలీపట్నం దాకా పోయి ఆగుతుంది. మన రోడ్డుకు అటు కొసన సముద్రమే ఉంది. కానీ మా ఇంట్లో ఒక్క సముద్రంతో సరిపోదు వదినా.

మా ఆయన సంగతి మీకు తెలియనిదా. తెల్లారకముందే సద్దుల చెరువు కట్ట మీద సైకిల్ తొక్కి రాకపోతే ఆయనకు కాఫీ కూడా దిగదు. రాత్రి నేను గ్యాస్ కట్టేశానా లేదా అని చూసుకుంటానా, ఆయన సైకిల్ టైర్లను బొటనవేలితో నొక్కి చూసుకుంటారు. రోజూ! చెయినుకు కుట్టుమిషన్ నూనె, సీటుకు పాత కండువా. ఇక మనవడు. వాడికి రాకెట్ల పిచ్చి. అన్నం ముద్ద నోట్లో పెడితే పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్కపెట్టి సున్నా అన్నాకే మింగుతాడు. ఒక పూట అన్నం తినిపించే సరికి వాళ్ళమ్మకు చెయ్యి పడిపోతుంది. నాకేమో పిట్టలు కావాలి, నీళ్ళు కావాలి. ముగ్గురం మూడు దిక్కులు. ఈ మూడూ ఒక్కచోట దొరికే ఊరు ఉందంటే అది సూళ్ళూరుపేటే.

పోయిన ఏడాది పోయొచ్చాం కదా, దారి చెప్తాను వినండి. మన దగ్గర నుంచి ముందు మిర్యాలగూడ. అక్కడ మా చిన్నొదిన ఇంట్లో టిఫిన్. ఆమె టిఫిన్ పెట్టి ఊరుకోదు, మామిడికాయ తొక్కు సీసా చేతిలో పెట్టనిదే గేటు దాటనివ్వదు. అక్కడి నుంచి నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు పట్టుకుంటే వాడపల్లి దగ్గర కృష్ణ దాటుతాం. మన మూసీ వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే. కారు ఆపించి చూశాను వదినా. మన సూర్యాపేట పక్కన సోలిపేట దగ్గర ఆనకట్టలో ఆగిన నీళ్ళే ఇవి. అక్కడ కృష్ణలో కలిసి, హంసలదీవి దగ్గర సముద్రంలో పడతాయి. మన ఊరి నీళ్ళు ఏళ్ళ తరబడి సముద్రానికి పోతూనే ఉన్నాయి, మనమే ఇంట్లో కూర్చున్నాం. తర్వాత పిడుగురాళ్ళ, అద్దంకి, ఒంగోలు, నెల్లూరు, గూడూరు. పొద్దున చీకటితో బయలుదేరితే సాయంత్రానికి సూళ్ళూరుపేట. సైకిళ్ళు కారు వెనకాల స్టాండుకు కట్టించారు మా ఆయన. దారిలో ఎక్కడ టీకి ఆగినా ముందు ఆ తాళ్ళు చూసుకున్నాకే టీ.

ఆ ఊళ్ళో చెంగాళమ్మ గుడి ఉంది. ఆ గుడికి తలుపులు వెయ్యరట, ఎప్పుడూ తెరిచే ఉంటుందట. రాకెట్టు వదిలే ముందు ఇస్రో పెద్దలు కూడా వచ్చి అమ్మవారికి దండం పెట్టుకుని పోతారు. చంద్రయాన్-3 అప్పుడు ఇస్రో పెద్ద సోమనాథ్ గారు వచ్చారు, మనం టీవీలో చూశాం, మీరు మా ఇంట్లోనే కూర్చుని చూశారు, గుర్తుందా? అప్పుడు మీరు చేసిన పకోడీలు కూడా గుర్తున్నాయి నాకు. మీరే మర్చిపోయి ఉంటారు.

మరునాడు తెల్లారి సైకిళ్ళు. సూళ్ళూరుపేట నుంచి రాకెట్లు వదిలే శ్రీహరికోటకు దగ్గర దగ్గర 18 కిలోమీటర్ల రోడ్డు, అది పులికాట్ సరస్సు నడుమ నుంచే పోతుంది. అటు నీళ్ళు, ఇటు నీళ్ళు, మధ్యలో తారు రోడ్డు. మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి కయ్య ఇదే. చెట్టు నీడ ఉండదు, అందుకే పొద్దున్నే పోవాలి. ఇస్రో బస్సులు పోతుంటాయి కాబట్టి ఎడమ పక్కకే ఉండాలి. ఎదురుగాలి ఒకటి ఉంటుంది చూడండి, మన చెరువు కట్ట మీద గాలి దాని ముందు విసనకర్ర గాలి. పోయేటప్పుడు మా ఆయన కిందా మీదా పడ్డారు, వచ్చేటప్పుడు కాలు కదపకుండానే వచ్చారు. మరీ లోపలికి పోనివ్వరు, ఇస్రో గేటు ఉంటుంది, అక్కడి నుంచి వెనక్కి తిరగడమే. అంత దూరం చాలు మనకు.

ఆ నీళ్ళలో ఫ్లెమింగోలు వదినా! దూరం నుంచి ఎవరో గులాబీ రంగు చీరలు ఆరేశారేమో అనుకున్నా. దగ్గరికి పోతే కాళ్ళు కనబడ్డాయి. అవి తినే తీరు వింత. తల తలకిందులు చేసి, ముక్కు బోర్లించి, బురద నీళ్ళు లోపలికి లాక్కుని వడగడతాయి. మనం చింతపండు పులుసు వడగట్టినట్టే. అవి తినే నాచులో, రొయ్య పిల్లల్లో ఉండే రంగే వాటి ఈకలకు పట్టి గులాబీ అవుతాయట. పిల్లలుగా ఉన్నప్పుడు బూడిద రంగేనట. గంటసేపు నిలబడ్డాను. మా ఆయన బెల్ కొట్టి కొట్టి అలిసిపోయారు.

దొరవారిసత్రం పక్కన నేలపట్టు అని ఒక చిన్న ఊరుంది. అది మాత్రం వదలొద్దు. అక్కడి చెరువులో నీళ్ళలోనే చెట్లు నిలబడి ఉంటాయి, చెట్ల నిండా గూడబాతుల గూళ్ళు. గొంతు కింద సంచి ఉంటుంది చూడండి, ఆ పక్షులు. పిల్లలు తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చి తింటాయి. నత్తగుల్ల కొంగలు కూడా ఉంటాయి. 1976లో దాన్ని పక్షుల రక్షిత కేంద్రం చేశారు గానీ, అంతకుముందు నుంచే ఊరివాళ్ళు వాటిని కాపాడుకుంటున్నారు. ఆ పిట్టల రెట్ట పడ్డ చెరువు నీళ్ళు పొలానికి పారితే ఎరువు పెట్టినట్టే కదా. పిట్టలు వచ్చిన ఏడు ఊరికి మంచిదని వాళ్ళ నమ్మకం. అక్టోబరు నుంచి మార్చి దాకా ఉంటాయి. ఎండాకాలం పోయారంటే సరస్సే చాలా మట్టుకు ఎండిపోయి ఉంటుంది, నన్ను తిట్టుకుంటారు.

మీరు రాకెట్టు సంగతి అడుగుతారని తెలుసు. అదీ చెప్తా. శ్రీహరికోటలో మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది 1971 అక్టోబరు 9న. ఆ దీవి అడవి అంతా అప్పటిదాకా యానాదుల బతుకుతెరువు. ఆ మాట ఎవరూ గుర్తు చెయ్యరు గానీ, ఆ నేల మీద నిలబడ్డప్పుడు గుర్తు చేసుకోవాలి వదినా. రాకెట్లకు ఆ చోటే ఎందుకంటే, కదిలే బస్సులోంచి దిగేటప్పుడు బస్సు పోయే దిక్కుకే నాలుగడుగులు పరిగెత్తుతాం కదా, ఇదీ అట్లాంటిదే. భూమి తూర్పుకు తిరుగుతోంది, రాకెట్టు కూడా తూర్పుకే పోతే ఆ వేగం దానికి ఊరికే కలిసొస్తుంది. ఊడిపడే ముక్కలన్నీ సముద్రంలో పడతాయి, ఎవరి ఇంటి మీదా పడవు.

1979 ఆగస్టు 10న అబ్దుల్ కలాం గారి బృందం చేసిన ఎస్సెల్వీ రాకెట్టు బంగాళాఖాతంలో పడిపోయింది. అప్పుడు ఇస్రోకు పెద్ద సతీష్ ధవన్ గారు. విలేకరుల ముందుకు ఆయనే పోయి, తప్పు తన మీద వేసుకున్నారు. మరుసటి ఏడాది జులై 18న అదే రకం రాకెట్టు పైకి పోయింది. అప్పుడేమో మీరే పోయి మాట్లాడండని కలాం గారిని పంపారు. ఇంటి పెద్ద అంటే అట్లా ఉండాలి. ఇప్పుడు శ్రీహరికోట కేంద్రానికి ధవన్ గారి పేరే పెట్టారు. ఆయనకు పిట్టలంటే ప్రాణం, అవి ఎట్లా ఎగురుతాయో చెబుతూ 'బర్డ్ ఫ్లైట్' అని పుస్తకమే రాశారు. ఈ మాట తెలిసినాక నాకు మనసు నిండిపోయింది. మా ఇంట్లో మూడు పిచ్చులనుకున్నా, రెండు ఒకే మనిషిలో ఉన్నాయి!

మూడోది సైకిల్ కదా. అదీ ఉంది. శ్రీహరికోటకు ముందు కేరళలో తుంబా దగ్గర రాకెట్లు వదిలే రోజుల్లో రాకెట్టు మొనను సైకిల్ వెనక పెట్టుకుని తీసుకుపోయారు. ఆ ఫోటో ఉంది. మా ఆయన దాన్ని ప్రింటు తీయించి హాల్లో పెట్టారు, మీరు చూసే ఉంటారు. పెళ్ళి ఫోటో పక్కకు జరిగింది.

ఇప్పటి రాకెట్లు సైకిల్ మీద రావు లెండి. చంద్రయాన్-3ని మోసిన ఎల్‌వీఎం-3 బరువు 640 టన్నులు. మిర్యాలగూడ మిల్లుల నుంచి పోయే బియ్యం లారీకి ఇరవై టన్నులు వేసుకున్నా, 32 లారీల బియ్యం ఒక్కచోట పేర్చి పైకి లేపినట్టు! ఇంకో సంగతి, 2023 సెప్టెంబరు 2న సూర్యుణ్ణి చూడ్డానికి ఆదిత్య-ఎల్1 పోయింది శ్రీహరికోట నుంచే, 15 లక్షల కిలోమీటర్లు. ఆ పనికి పెద్ద ఒక ఆడమనిషి, నిగార్ షాజీ గారు. సూర్యుడి పేరు పెట్టుకున్న ఊళ్ళో ఉండి మనం అది తెలుసుకోకపోతే ఎట్లా?

రాకెట్టును దగ్గర నుంచి చూడాలంటే గ్యాలరీ ఉంది. 2019లో జనానికి తెరిచారు. ముందే ఆన్‌లైన్లో పేరు రాయించుకోవాలి, చటుక్కున నిండిపోతుంది. అందుకే మనవణ్ణి ఫోను దగ్గర కూర్చోబెట్టాను. కానీ ఒక్క మాట వినండి. రాకెట్టు కోసమే పోవద్దు. చంద్రయాన్-2ను 2019 జులై 15న ఎగరడానికి 56 నిమిషాల ముందు ఆపేశారు, వారం తర్వాత 22న ఎగిరింది. రాత్రంతా మేలుకున్న జనం ఉత్త చేతులతో తిరిగిపోయారు. పిట్టలు అట్లా కాదు, పొద్దున్నే ఉంటాయి. పిట్టల కోసం పోదాం, సైకిల్ తొక్కుదాం, మనం ఉన్న రోజుల్లో రాకెట్టు ఎగిరితే అది మన అదృష్టం. రెండు రోజులు ఎక్కువ పెట్టుకుందాం. పోయిన ఏడాది మేం పోయినప్పుడు ఎగరలేదు, మనవడు గేటు దగ్గర నిలబడి తనే పది నుంచి సున్నా దాకా లెక్కపెట్టి చేతులు పైకెత్తి ఎగిరాడు. సెక్యూరిటీ అబ్బాయి చప్పట్లు కొట్టాడు.

శ్రీహరికోట సముద్రంలో మనల్ని దిగనివ్వరు కాబట్టి, వచ్చేటప్పుడు నెల్లూరు దగ్గర మైపాడులో కాళ్ళు తడుపుకుందాం. మీరు చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒడ్డునే నిలబడతానంటే ఒప్పుకోను. నెల్లూరులో చేపల పులుసు, మలై కాజా. కాజాలు రెండు పెట్టెలు కొనాలి, ఒకటి దారిలోనే అయిపోతుంది.

మీ కోడలు సంక్రాంతికి ఏ తారీఖున వస్తోంది? నిన్న ఫోన్లో పదిహేనో, పదహారో అన్నట్టు వినబడింది. పదిహేను అయితే పద్దెనిమిదిన బయలుదేరదాం. గ్యాలరీకి పేర్లు రాయాలి, మీ ఇంట్లో అందరి ఆధార్ జిరాక్సులు సాయంత్రం ఈ గోడ మీద నుంచే అందివ్వండి. మీ వారి సైకిల్ మెట్ల కింద దుమ్ము పట్టి ఉంది, చూశాను, వెనక చక్రంలో గాలి లేదు. మా ఆయన్ను పంపిస్తా, ఆయన బొటనవేలితో నొక్కి చూసి చెప్తారు.